శ్రోత: బంగాళాఖాతం

మందలించారట!

ముప్ఫయి మంది డాక్టర్లను విమానాలెక్కించి, ప్యారిస్, మొనాకో హోటళ్లలో దించి, మొత్తం 1.91 కోట్ల రూపాయలు ఖర్చుపెట్టిన ఆబ్‌వీ హెల్త్‌కేర్ ఇండియా అనే మందుల కంపెనీని కేంద్ర ఔషధ విభాగం వారు మందలించి వదిలేశారు. మనిషికి ఆరు లక్షల పైచిలుకు పడింది. చిన్నప్పుడు పదమూడో ఎక్కం తప్పినందుకు మా లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. మందలింపు కన్నా అదే ఒక మెట్టు ఎత్తు.

పన్నుల బోర్డుకీ, వైద్య కమిషన్‌కీ కూడా చర్య తీసుకోమని రాశారనుకోండి. రాయడంలో ఢిల్లీ వాళ్లకు లోటేం లేదు. డాక్టర్ల రాతలా కాదు, చదవడానికి కూడా వస్తుంది.

ఇంతకీ ఆ కాన్ఫరెన్సు దేని మీద? మొహం మీద ముడతలు పడకుండా, పడినవి కనపడకుండా చూడటం మీద. జరిగిన చోటు మొనాకో. దేశం మొత్తం కలిపి రెండు చదరపు కిలోమీటర్లు. మా చోడవరం చెరుకు తోటల్లో వదిలేస్తే మళ్లీ వెతుక్కోవాలి. తేడా అల్లా వాళ్లకు సముద్రం ఉంది, మాకు లేదు.

మాకున్నది బి.ఎన్. రోడ్డు. బి అంటే భీమునిపట్నం, ఎన్ అంటే నర్సీపట్నం. ఒక కొస సముద్రం దగ్గర, ఇంకో కొస కొండల దగ్గర. మధ్యలో మేం, మా గుంతలు.

ఆ వార్త వచ్చిన పూటే మా వీధి డాక్టరు గారు కబురుపెట్టారు. వెళ్లేసరికి మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. అందులో పువ్వుల చొక్కాలు రెండు, నల్ల కళ్లజోడు, ఎండకు రాసుకునే క్రీము, బి.ఎన్. రోడ్డు కోసం నడుం బెల్టు. జనవరి మొదటి వారంలో భీమిలి దారిలో ఒక బీచ్ రిసార్టులో వైద్యుల సదస్సుందట. రెండు రాత్రులు, మూడు పగళ్లు. గదికి సముద్రం వైపు బాల్కనీ.

"మాస్టారూ, నన్నూ మందలిస్తారంటారా?" అన్నారు.

"మందలిస్తే ఏమవుతుందండీ?"

"పేరు పేపర్లో పడదూ?"

"ఆ ముప్ఫయి మంది పేర్లు మీరెక్కడైనా చదివారా?"

డాక్టరు గారు ఒక నిమిషం ఆలోచించారు. తర్వాత మూడో పువ్వుల చొక్కా కూడా సూట్‌కేసులో పెట్టారు.

అయినా చదువుకున్న మనిషి కదా, అనుమానం తీరక కాగితాలు తీశారు. 2024 మార్చి 12న కేంద్రం మందుల కంపెనీల కోసం ప్రకటించిన ప్రవర్తనా నియమావళి అది. చదివితే కళ్లు చెమరుస్తాయి. డాక్టర్లకు కానుకలివ్వరాదు. విదేశాల్లో ఇలాంటి సదస్సులు పెట్టరాదు. క్యాలెండర్లు, డైరీల్లాంటివి ఇచ్చినా ఒక్కోటి వెయ్యి రూపాయలు దాటరాదు. హోటల్ బస, ఖరీదైన భోజనం, రిసార్టు వసతి ఇవేవీ డాక్టర్లకు గానీ, వారి కుటుంబానికి గానీ ఇవ్వరాదు. కుటుంబమంటే దగ్గరివాళ్లే కాదు, దూరపువాళ్లు కూడా అని విడమరిచి మరీ రాశారు. ఢిల్లీలో కూర్చుని బావమరిదిని ఊహించగలిగారంటే సామాన్యమైన ప్రభుత్వం కాదు.

"అయితే నా ప్రయాణం గోవిందా!" అని డాక్టరు గారు సూట్‌కేసు మూయబోయారు.

అంతదాకా గుమ్మం దగ్గర బ్యాగు పట్టుకుని వినయంగా నిలబడ్డ మెడికల్ రెప్ కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆ వాక్యం చివర 'తప్ప' ఉంది సార్."

నిజమే, ఉంది. రిసార్టు వసతి ఇవ్వరాదు, సదరు వ్యక్తి ఆ కార్యక్రమంలో స్పీకరు అయితే తప్ప.

మన భాషలో తప్పుకీ తప్పకీ ఒక్క కొమ్మే తేడా. ఆ కొమ్ము ఊడపీకితే ఎంత పెద్ద తప్పయినా 'తప్ప' అయి కూర్చుంటుంది. ఆ కుర్రాడు నెలకు ఎన్ని వేల స్ట్రిప్పుల టార్గెట్ మోస్తున్నాడో గానీ, వ్యాకరణం మాత్రం తెలుసు.

"మీరు స్పీకరు సార్," అన్నాడు.

"నేనా? నేనేం మాట్లాడతానయ్యా?"

"బీపీ గురించి సార్."

"బీపీ గురించి అనకాపల్లి డాక్టరు మాట్లాడుతున్నాడన్నావుగా?"

"ఆయన పై నంబరు గురించి సార్. మీరు కింది నంబరు గురించి."

"మరి మాడుగుల ఆయన?"

"మధ్యలో గీత గురించి సార్."

ఆ దెబ్బతో దారి తెరుచుకుంది. సదస్సుకు రెండొందల మంది వస్తున్నారు. రెండొందల మందీ స్పీకర్లే. షుగరులో తిండికి ముందు ఒకరు, తిన్న తర్వాత ఒకరు. దగ్గులో పొడి దగ్గు ఒకరికి, తడి దగ్గు ఒకరికి, దగ్గే ముందు గొంతులో వచ్చే గరగర ఇంకొకరికి. ఒక్కొక్కరికి నలభై సెకన్లు. అందులో వేదిక మీదున్న పెద్దలకు నమస్కారాలు ముప్ఫయి సెకన్లు. అందరూ వేదిక మీదే ఉంటారు కాబట్టి నమస్కారాలకు అంత టైం పడుతుంది.

ఇక కుటుంబం. దూరపు బంధువులకు కూడా ఇవ్వరాదన్నారు కదా, స్పీకరు అయితే తప్ప. అత్తగారు 'మోకాళ్ల నొప్పులు: ఇరవై ఏళ్ల స్వానుభవం' మీద మాట్లాడతారు. బావమరిది 'కాలేయం, దాని ఓర్పు' అనే అంశం తీసుకున్నాడు, ఆ విషయంలో అతనిది నిత్య ప్రయోగం. రెండో తరగతి చదివే చంటాడికి 'పోలియో చుక్కలు: లబ్ధిదారుడి దృక్కోణం'. డాక్టరు గారి భార్య 'వైద్యుల ఇళ్లలో రక్తపోటు' అని ఇచ్చారు. ఆమెకు మాత్రం నలభై సెకన్లు చాలవని నిర్వాహకులే ఒప్పుకున్నారు.

సంగతి క్లినిక్‌లో పొక్కింది. సార్ వెళ్తే నేనెందుకు వెళ్లకూడదని కాంపౌండరు అడిగాడు. 'సూది: ఏ వైపు' మీద అతనికంటే అధికారంగా మాట్లాడగలిగేవాడు ఈ తాలూకాలో లేడు. ఎదురుగా మందుల షాపు అబ్బాయికి 'ప్రిస్క్రిప్షను: లిపి పరిశోధన' ఇచ్చారు. పల్లెల నుంచి రోగుల్ని తెచ్చే ఆటో ఆయన 'రాళ్లు కిడ్నీలో, రోడ్డు మీద: ఒక పోలిక' అన్నాడు. అందరూ కలిసి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుళ్లో కొబ్బరికాయ కొట్టారు. స్వామి వైపు చూస్తే నాకెందుకో ఆయన కూడా ఏదో అంశం అడిగేట్టే కనిపించాడు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. వినేదెవరు?

నియమావళి ప్రకారం రిసార్టులో ఉండే హక్కు మాట్లాడేవాళ్లకే గానీ వినేవాళ్లకు లేదు. ఎవడైనా పొరపాటున కుర్చీలో కూర్చుని విన్నాడా, వాడు శ్రోత. శ్రోతకు కంపెనీ ఖర్చు మీద ఇడ్లీ పెట్టినా నేరమే. అంచేత హాల్లో కుర్చీలన్నీ ఎత్తించేశారు. వేదికను వెనక గోడ దాకా పొడిగించారు. రెండొందల మంది డాక్టర్లు, వాళ్ల అత్తగార్లు, బావమరుదులు, కాంపౌండర్లు అందరూ వేదిక మీద మైకులు పట్టుకుని ఒకే దిక్కుకి తిరిగి నిలబడ్డారు. ఆ దిక్కున అద్దాల తలుపు. తలుపు అవతల ఇసుక. ఇసుక అవతల బంగాళాఖాతం.

అదే శ్రోత. గది అడగదు. టిఫిను అడగదు. మధ్యలో లేచి వెళ్లినట్టు కనిపిస్తుంది గానీ వెంటనే తిరిగొస్తుంది. ప్రతి స్పీకరుకీ చప్పట్లు కొడుతుంది. ఇంత శ్రద్ధగా వినే విద్యార్థిని ఏ మెడికల్ కాలేజీ చూసి ఉండదు.

డాక్టర్లు రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవాలంటే అయిదేళ్లకోసారి ముప్ఫయి గంటల శిక్షణ చూపించాలి. మొన్న లెక్క తీస్తే ఆ గంటలన్నీ సముద్రం ఖాతాలో చేరాయి. విన్నది అదొక్కటే మరి. విశాఖ నుంచి భీమిలి దాకా ఇన్ని రిసార్టులు, ఇన్ని సదస్సులు. ఒక్క ఏడాదిలో అది వెయ్యేళ్లకు సరిపడా గంటలు సంపాదించింది. ఇవాళ ఆంధ్ర రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ చదువుకున్న వైద్యుడు బంగాళాఖాతమే. వైద్య మండలి వారు దానికి నంబరిచ్చి, ప్రాక్టీసు పెట్టించాలి. గొంతునొప్పికి ఉప్పునీళ్లు పుక్కిలించమని చెప్పడం దానికి పుట్టుకతోనే వచ్చు. ఫీజు లేదు. ఇరవై నాలుగు గంటలూ డ్యూటీలోనే ఉంటుంది. సెలవు మీద వెళ్లాలంటే దానికి ఇంకో సముద్రం లేదు.

మా వీధిలో మాత్రం ఆ మూడు రోజులూ క్లినిక్ తలుపుకి కాగితం అంటించి ఉంటుంది: 'డాక్టరు గారు మాట్లాడుటకు వెళ్లినారు.'

ఆ కాగితాన్ని తల్చుకుంటే నాకు నవ్వు రావడం లేదు.

కిందటి నెల బీపీ మాత్రల కోసం మందుల షాపు దగ్గర నిలబడ్డాను. నా ముందు ఒక ముసలమ్మ. రావికమతం అవతల నుంచి వచ్చిందట. మూడు గంటలు క్లినిక్ బెంచీ మీద కూర్చుంటే లోపల ఒక్క నిమిషం దొరికింది. చేతిలో చీటీ. షాపు అబ్బాయి పది మాత్రల స్ట్రిప్పు తీసి ధర చెప్పాడు. ఆమె కొంగుముడి విప్పి నాణేలు, నోట్లు లెక్కపెట్టుకుని "నాలుగియ్యి బాబూ" అంది. అతను కత్తెరతో నాలుగు మాత్రల మేరకు కత్తిరించి ఇచ్చాడు. గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోయింది. ఆమె కదల్లేదు. చీటీ చాపి, ఆ పద్దెనిమిదేళ్ల కుర్రాడిని అడిగింది.

"నాకేటి జబ్బు బాబూ? డాట్రుబాబు ఏటీ సెప్పనేదు."

వాడికేం తెలుసు? "బలానికమ్మా" అన్నాడు.

రెండొందల స్పీకర్ల దేశంలో ఒక ముసలిది తన జబ్బు పేరు మందుల షాపు కత్తెరను అడగాలి. మొనాకోలో ఎవరి ముడతల గురించి మాట్లాడారో నాకు తెలీదు. ఈ మొహం మీది ముడతల గురించి మాత్రం కాదు.

ఆ విమానం టికెట్టూ, ఆ బాల్కనీ, ఆ చేపల వేపుడూ కంపెనీ యజమాని తాత ఆస్తిలోంచి రాలేదు. ఇలాంటి కానుకల ఖర్చు తిరిగి తిరిగి మందుల ధరలోకే చేరుతుందని సుప్రీంకోర్టే 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబరేటరీస్ కేసులో తేల్చింది. ఆ ఖర్చుకు పన్ను మినహాయింపు కుదరదంది. అంటే ఆ ముసలమ్మ ఆరు మాత్రలు షాపులో ఎందుకు వదిలేసి వెళ్లిందో అందరికీ తెలుసు. కోర్టుకి తెలుసు, కంపెనీకి తెలుసు, ఢిల్లీకి తెలుసు. తెలిసీ మందలించారు. కంపెనీ నియమాలు మీరితే కంపెనీల సంఘమే విచారించుకోవాలి, మరీ మీరితే ఢిల్లీ మందలించాలి. అరటిపళ్ల బండి రోడ్డు మీదకి ఒక అడుగు జరిగితే తక్కెడ లాక్కుపోయే ప్రభుత్వానికి, ఇక్కడ మాత్రం ఇంత సున్నితమైన గొంతు ఎక్కడి నుంచి వచ్చింది?

డాక్టర్లు చదువుకోవద్దని ఎవడన్నాడు? చదవాలి, కొత్త సంగతులు తెలుసుకోవాలి. అందుకు 1923 నుంచి విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది. అందులో హాళ్లున్నాయి, బెంచీలున్నాయి. బాల్కనీ ఒక్కటే లేదు. సొంత డబ్బుతో వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని రాసుకొచ్చే డాక్టర్లను నేనెరుగుదును. వాళ్లెవరూ స్పీకర్లు కారు.

మా ఊరి రోగులకు కూడా సముద్ర ప్రయాణం లేకపోలేదు. కొండ గూడేల్లో నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. అక్కణ్ణుంచి ఆటోనో 108నో పట్టుకుని చోడవరం చేరుస్తారు. ఇక్కడ ఒకే ఒక్క మాట మాట్లాడతారు. "కేజీహెచ్." అంటే విశాఖలోని పెద్దాసుపత్రి. జిల్లా పేరు అనకాపల్లిగా మారింది గానీ ఆ మాట మారలేదు. మళ్లీ అదే బి.ఎన్. రోడ్డు, అవే గుంతలు, యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. కేజీహెచ్ కూడా సముద్రానికి దగ్గరే. పై అంతస్తు నుంచి చూస్తే అలలు కనిపిస్తాయి, చూసే ఓపిక ఉంటే.

ఆ ఆటో వెళ్తుంటే వెనక నుంచి హారన్ కొట్టి ఒక కారు దాటిపోతుంది. అందులో మన స్పీకరు గారు, నడుం బెల్టు పెట్టుకుని, కింది నంబరు మీద నలభై సెకన్లు వల్లెవేసుకుంటూ.

డాక్టరు గారూ, మీరు మాట్లాడవలసిన మనిషితో తప్ప అందరితో మాట్లాడతారు. సముద్రంతో కూడా మాట్లాడతారు. దానికే జబ్బూ లేదు. తిరుగు ప్రయాణంలో మందుల షాపు ముందు కారాపి, ఆ బెంచీ మీద కూర్చున్న వాళ్లలో ఒక్కరికి ఒక్క వాక్యం చెప్పండి. వాళ్లడిగేది ఒక్కటే.

ఏటి జబ్బు బాబూ?