కాలరు మీది పేరులో 72.04 శాతం

బట్టల కంపెనీని అప్పుతో కొనే ముందు ప్రైవేట్ ఈక్విటీ సంస్థ ‘వాల్యుయేషన్’ అనే తంతు జరుపుతుంది. ఈ విద్యను పాఠాల వారీగా చెప్పుకోవడం మేలు.

మొదటి పాఠం ఎక్సెల్ షీటు. అందులో చొక్కా ఉండదు, కుట్టుమిషన్ ఉండదు. లాభం ఒక గడిలో, దానికి ఎన్ని రెట్లు ధర ఇవ్వాలో పక్క గడిలో, ఎంత అప్పు పుడుతుందో కింది గడిలో ఉంటాయి. ఐదేళ్లలో పెట్టుబడి రెండున్నర రెట్లయితే ఏడాదికి 20 శాతం గిట్టినట్టు. అంత రాకపోతే అప్పు గడి పెంచుతారు. సొంత డబ్బు తగ్గేకొద్దీ శాతం పెరుగుతుంది. లెక్కలో తప్పేమీ లేదు.

రెండో పాఠం, ఆ అప్పు ఎవరిదన్నది. 2011లో టీపీజీ, లెనర్డ్ గ్రీన్ సంస్థలు అమెరికా బట్టల కంపెనీ జే.క్రూను దాదాపు 300 కోట్ల డాలర్లకు కొన్నాయి. ఇందుకోసం పుట్టించిన కంపెనీకి ‘చీనోస్’ అని ప్యాంటు పేరే పెట్టారు. సుమారు 160 కోట్ల అప్పు ఆ ప్యాంటు పేరు మీదే లేచింది. బేరం ముగిశాక ప్యాంటు జే.క్రూలో కలిసిపోయింది, అప్పు జే.క్రూ నెత్తిన పడింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని లోకం నవ్వుతుంది గానీ, ఆ అల్లుడు కనీసం అత్త చేత ప్రోనోటు రాయించలేదు.

మూడో పాఠం డివిడెండు. 2013లో మరో 50 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి, వచ్చిన డబ్బును యజమానులు పంచుకున్నారు. ఆ బాండ్లకు వడ్డీని డబ్బుగా కట్టనక్కర్లేదు, కొత్త బాండ్లుగా కట్టొచ్చు. 2017 నాటికి ఆ బాకీ 56 కోట్లు దాటింది.

నాలుగో పాఠం అసలైన కళాఖండం. 2016 డిసెంబరులో జే.క్రూ తన పేరును, అంటే అమెరికాలోని ట్రేడ్‌మార్కులను, కేమన్ దీవుల్లోని పిల్ల కంపెనీకి తరలించింది. మొత్తం పేరు కాదు, పేరులో 72.04 శాతం.

ఆ .04 ఎక్కడిది? అప్పు పత్రంలో పాత అప్పులిచ్చినవాళ్ల పట్టు నుంచి ఆస్తిని తప్పించడానికి రెండు చిల్లులున్నాయి. ఒకటి 15 కోట్లది, ఇంకొకటి 10 కోట్లది. రెండూ కలిపితే 25 కోట్ల డాలర్లు. పేరులో ఎంత ముక్క కోస్తే సరిగ్గా 25 కోట్లవుతుందో వెనక నుంచి లెక్క కట్టారు. దర్జీ గుడ్డను కూడా ఇంత కచ్చితంగా కత్తిరించడు.

దుకాణంలో వేలాడే స్వెట్టర్ కాలరు తిప్పి చూస్తే అదే చీటీ, అదే పేరు. ఆ పేరులో ముప్పాతికకు కాస్త తక్కువ భాగం మాత్రం సముద్రం మధ్య కాపురం పెట్టింది. అది చాలదన్నట్టు, తన పేరు తాను వాడుకున్నందుకు కంపెనీ అద్దె కట్టాల్సి వచ్చింది. ఇందులో తెలివి ఉందని మెచ్చుకునేవాళ్లున్నారు. జేబు కత్తిరించడానికీ తెలివి కావాలి. ఇది వ్యాపారం కాదు, వ్యాపారం ఒంటి మీది బట్టలు విప్పి అమ్ముకోవడం. తొమ్మిదేళ్ల పాటు దుకాణాలు సంపాదించింది కొత్త డిజైన్లకు పోకుండా వడ్డీకి పోతే, దాన్ని ‘విలువ పెంచడం’ అనడం పచ్చి అబద్ధం.

ఆఖరి పాఠం 2020 మే 4. ఆ రోజు జే.క్రూ దివాలా పిటిషన్ వేసింది. నెపం కరోనా మీద పడింది. పేరు కేమన్ చేరిన 2016లో మాత్రం కరోనాకు భయపడి ప్రపంచంలో ఎవరూ మాస్కు పెట్టుకోలేదు. దాదాపు 165 కోట్ల డాలర్ల అప్పు వాటాలుగా మారింది, కంపెనీ అప్పిచ్చినవాళ్ల చేతికి పోయింది.

పేరు కేమన్ చేరినప్పటి నుంచి చాలా అప్పు పత్రాల్లో, అలాంటి తరలింపును ఆపే ‘జే.క్రూ బ్లాకర్’ అనే షరతు రాయించుకుంటున్నారు. అది అప్పిచ్చేవాళ్ల రక్షణకు. దుకాణంలో స్వెట్టర్లు మడతపెట్టేవాళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు.