ఎడమకాలి విద్య: సటీక తాత్పర్యం

తొక్క విడుచు, విడువఁ దొడఁగినఁ బట్టును;
ఎడమకాలి విద్య యెఱుఁగవలయు;
బలము తక్కువైన బండినిఁ గొనఁదగు;
వడిని మఱచువాఁడె వాహకుండు.

అవతారిక. ఈ ఆటవెలది ఏ తాళపత్రంలోనూ దొరకలేదు. ఈ టీక కోసమే కట్టింది కాబట్టి కవి కాలనిర్ణయం మీద పండితులు కొట్టుకోనక్కరలేదు. స్పోర్ట్స్ కారు కొనదలచి, అందులోనూ గేర్లు చేత్తో మార్చేదే కావాలని పట్టుబట్టి, అలాంటి బండి నడపడం మాత్రం ఇంకా రానివాడు ఇక్కడ శిష్యుడు. అటువంటి మనిషి ఉంటాడా అని అనుమానం వద్దు, అమెరికాలో కావలసినంత మంది ఉన్నారు. 1939లో జనరల్ మోటార్స్ తన ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు తగిలించింది. అప్పటి నుంచి ఆ దేశంలో ఎడమకాలికి పని తగ్గుతూ వచ్చి, ఇవాళ కొత్త కార్లు దాదాపు అన్నీ రెండు పెడళ్లవే అయ్యాయి. కారు నడపడం క్షుణ్ణంగా వచ్చినవాడు కూడా మూడో పెడల్ ముందు పసివాడే. ఆ పసివాడు ఏ కారు కొనాలి, దాన్ని ఎలా నేర్చుకోవాలి అన్న రెండు ప్రశ్నలకూ కవి ఒకే జవాబు చెప్పాడని నిరూపించడమే ఈ వ్యాఖ్య పని.

టీక. తొక్కన్: ఎడమపాదంతో క్లచ్ పెడల్‌ను అడుగంటా నొక్కగా, విడుచున్: ఇంజనూ గేర్‌బాక్సూ ఒకదాన్నొకటి విడిచిపెడతాయి, విడువన్ తొడఁగినన్: ఆ పాదాన్ని మెల్లగా పైకి తీయడం మొదలుపెడితే, పట్టును: మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైకి విరోధాభాసంలా కనిపించినా ఇది అలంకారం కాదు, యంత్రం కట్టడమే అంత. ఇంజను చివర తిరిగే ఫ్లైవీలుకీ, స్ప్రింగు బలంతో దాన్ని అదిమే ప్రెషర్ ప్లేటుకీ నడుమ క్లచ్ ప్లేటు ఇరుక్కుని ఉంటుంది. మనం ఏమీ చేయనప్పుడు స్ప్రింగు గట్టిగా అదిమే ఉంచుతుంది. పెడల్ తొక్కితే ఆ అదుము సడలుతుంది. అంటే శ్రమపడేది విడదీయడానికి మాత్రమే, కలపడం దానంతట అదే జరిగే పని. మన వంతు ఆ కలయికను ఆలస్యం చేయడమే. ‘తొడఁగినన్’ అన్న మాటను కవి పాదపూరణకు వేశాడనుకోకూడదు. పెడల్ ప్రయాణంలో ఒకచోట ప్లేటు జారుతూనే అందుకోవడం మొదలవుతుంది, ఇంజను చప్పుడు కాస్త బరువెక్కుతుంది, బండి ముక్కు రవ్వంత లేస్తుంది. డ్రైవింగ్ స్కూళ్లవాళ్లు హాఫ్ క్లచ్ అనేది దీన్నే. విద్యంతా ఆ బెత్తెడు మేరలోనే ఉంది.

సంధి విశేషం. మొదటి పాదం చివర ‘బట్టును’ తరవాత ‘ఎడమ’ అని సంధి లేకుండా విడిగా వచ్చింది. ఇది విసంధి దోషమని లాక్షణికులు వేలు చూపిస్తారు. దోషమే, కానీ వస్తువుకు తగిన దోషం. గేరు మారే ప్రతిసారీ క్లచ్ తొక్కి ఉన్న ఆ క్షణంలో ఇంజను బలం చక్రాలకు అందదు. రెండు క్లచ్‌లున్న కొత్త ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఈ ఎడం ఉండదు, తరవాతి గేరును ముందే సిద్ధంగా ఉంచుకుని రెప్పపాటులో సంధి చేసేస్తాయి. అయితే సంధి కుదిరినదే మేలు గదా, మనిషి చేతికి గేరు ఎందుకు అన్నది మొదటి పూర్వపక్షం. వేగమే లక్ష్యమైతే దీనికి సమాధానం లేదు. 2021లో వచ్చిన పోర్షె 911 జీటీ3కి కంపెనీ ఇచ్చిన లెక్కలే చూడండి: నిలబడ్డచోటి నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పీడీకే అనే రెండు క్లచ్‌ల బండికి 3.4 సెకన్లు, అదే బండి మాన్యువల్‌కి 3.9. గరిష్ఠ వేగంలో మాత్రం మాన్యువల్ 320, పీడీకే 318. ఆ రెండు కిలోమీటర్లు ఎవరు ఎక్కడ వాడుకుంటారో వారికే తెలియాలి. మాన్యువల్ పెట్రోలు పొదుపు చేస్తుందన్న పాతకాలపు వాదం కూడా నేటి ఆటోమేటిక్‌ల ముందు నిలవదు.

ఇంత ఒప్పుకున్నాక కూడా సిద్ధాంతం చెడదు. ఇదే పోర్షె 2013లో జీటీ3ని పీడీకేతో మాత్రమే అమ్మింది. వేగం కావాలనేవారికి వేగమే ఇచ్చాం గదా అన్నది తర్కం. 2016లో మాన్యువల్ తప్ప వేరేది లేని 911 ఆర్‌ను 991 బండ్లు మాత్రమే చేస్తే జనం ఎగబడ్డారు, చేతులు మారేటప్పుడు వాటి ధర అసలు ధరను ఎంతో దాటిపోయింది. 2017లో జీటీ3కి మూడో పెడల్ తిరిగి వచ్చింది. టయోటా సుప్రా కథా అంతే: 2019లో ఆటోమేటిక్‌గానే దిగింది, కొనేవారి పోరు పడలేక 2022లో మాన్యువల్ చేర్చారు. ఈ కొనుగోలుదారులు లెక్కలు తెలియనివారు కారు. అర సెకను పోతుందని తెలిసే అడిగారు. వారికి కావలసినది వేగం కాదు, వేగానికి తామే కర్తలు కావడం. నాలుగో పాదంలో ‘వడిని మఱచువాఁడె’ అన్న అవధారణకు అర్థం ఇదే.

మూడో పాదం దీని నుంచే పుడుతుంది, చాలామంది కాలు జారేది కూడా ఇక్కడే. గేరు వేయడంలోనే సారముంటే ఎక్కువ గేర్లు వేయనిచ్చే బండి కొనాలి. బలిష్ఠమైన బండి ఆ అవకాశం ఇవ్వదు. పోర్షె కేమన్ జీటీ4 రెండో గేరులోనే గంటకు 130 కిలోమీటర్లు దాటిపోతుంది. అమెరికన్ హైవేల మీద పరిమితి సాధారణంగా 105 నుంచి 120 కిలోమీటర్ల మధ్య. అంటే ఆ బండిని మనసారా తోలితే రెండో గేరు పూర్తికాకుండానే పోలీసు వెనకాల దీపాలు వెలిగిస్తాడు. మూడు, నాలుగు, ఐదు, ఆరు గేర్లు నగల పెట్టెలోనే. మాజ్దా ఎమ్ఎక్స్-5 సంగతి వేరు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికొచ్చిన మొదటి తరం బండికి ఇంజను 1.6 లీటర్లది, బలం 116 హార్స్‌పవర్, బరువు టన్నులోపు. దాన్ని చూసి స్పోర్ట్స్ కారు అనడమేమిటని నవ్వినవారున్నారు. 2016 నాటికి పది లక్షల బండ్లు తయారయ్యాయి. పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అంతగా అమ్ముడైనది మరొకటి లేదు. ఇప్పటి తరానికి 2.0 లీటర్ల ఇంజను, 181 హార్స్‌పవర్, ఆరు గేర్లు. దాని మొదటి గేరు అరవై కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది, రెండోది నూటి దగ్గర. హైవే ఎక్కే దారిలోనే మూడో గేరును నిజంగా వాడుకోవచ్చు, ఏ చట్టమూ మీరకుండా.

బలం తక్కువది ఏరుకోవడం పిసినారితనమని శంకించేవారికి అరణ్యపర్వంలోని నలోపాఖ్యానమే ప్రమాణం. దమయంతి స్వయంవరానికి ఒక్క రోజులో విదర్భ చేరాలన్నాడు ఋతుపర్ణుడు. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు శాలలోకి వెళ్లి బక్కచిక్కిన గుర్రాలను ఏరి తెచ్చాడు. రాజు మండిపడ్డాడు, వీటితో అంత దూరమా అని. అశ్వహృదయం తెలిసినవాడు గనుక నలుడు వాటితోనే పని చక్కబెట్టాడు. ఎమ్ఎక్స్-5 చేసిన జపాన్ ఇంజనీర్లు కూడా ‘జింబా ఇట్టాయ్’ అనే మాట పట్టుకునే దాన్ని రూపొందించారు. గుర్రమూ రౌతూ ఒకే శరీరం అని దాని భావం. సముద్రాల అవతలివారికీ మన బాహుకుడికీ గుర్రాల దగ్గర ఏకాభిప్రాయం కుదిరింది.

పాఠాంతరాలు. నాలుగో పాదంలో ‘వాహకుండు’ బదులు ‘బాహుకుండు’ అని చదవవచ్చునని ఎవరైనా ఉత్సాహపడవచ్చు. వ, బ లకు యతిమైత్రి ఉంది, గణాలూ సరిపోతాయి. కానీ బాహుకుడు వడిని మరచినవాడు కాదు, ఉత్తరీయం జారిపడేంతలో దాన్ని ఎంతో వెనక వదిలేసి రథం తోలినవాడు. ఛందస్సు ఒప్పుకున్నా కథ ఒప్పుకోదు. ఇంకో పాఠాంతరం హ్యుందాయ్ వారిది: 2020లో మన దేశంలో వెన్యూ కారుతో తెచ్చిన ఐఎమ్‌టీలో గేరు కర్ర ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. ఇది రెండో పాదాన్ని పూర్తిగా చెరిపేసిన ప్రతి. 2021లో ఐ20 ఎన్ లైన్‌కీ అదే ఇచ్చి, 2023లో దాన్ని తీసేసి అసలు క్లచ్ పెట్టారు. పరిష్కర్తలు తామే తప్పు దిద్దుకున్నారు. మూడోది శుద్ధ ప్రక్షిప్తం. హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ విద్యుత్ కారు, దానికి గేర్లే లేవు. అయినా ఎనిమిది గేర్లున్నట్టు నటిస్తూ స్టీరింగ్ వెనక మీట లాగితే కుదుపునీ శబ్దాన్నీ పుట్టిస్తుంది. వాకిట్లో స్టిక్కరు ముగ్గు అంటించినట్టుంటుంది. చూడటానికి బాగుంటుంది, చెయ్యి మాత్రం తిరగదు. అయినా గేరే అవసరం లేని బండి కూడా గేరును అభినయించవలసి వచ్చిందంటే, పద్యం పక్షాన ఇంతకంటే మంచి సాక్షి దొరకడు.

ఇక అభ్యాసం. కొత్త స్పోర్ట్స్ కారు మీద నేర్చుకుంటే క్లచ్ కాలిపోతుంది, ముందు ఎవరిదైనా డొక్కు బండి మీద చెయ్యి తిప్పుకోవాలన్నది లోకంలో గట్టిగా నాటుకున్న ఆక్షేపం. క్లచ్ అరిగేది జారడం వల్ల. జారుడు ఎంతసేపు, ఇంజను ఎంత వేగంతో అన్నదాన్ని బట్టి వేడి పుడుతుంది. ఎక్సలరేటర్ తొక్కిపెట్టి, ఇంజను అరుస్తుండగా హాఫ్ క్లచ్‌లో ఎత్తు మీద బండిని నిలబెట్టేవాడు నిజంగానే ప్లేటును కాలుస్తాడు, వాసన వెనక బండివాడికీ తెలుస్తుంది. క్లచ్ తొందరగా వదిలి బండి ఒక్క కుదుపుతో ఆగిపోతే ప్లేటుకు దాదాపు ఏ నష్టమూ లేదు, నష్టం అభిమానానికే. పరువు కాపాడుకోవడానికి ఎక్సలరేటర్ గట్టిగా ఇచ్చేవాడే బండిని పాడుచేస్తాడు. అందుచేత శిష్యుడు చదునైన ఖాళీ స్థలంలో, కుడికాలు ఎక్సలరేటర్ మీద పెట్టకుండా, మొదటి గేరులో క్లచ్‌ను అతి నెమ్మదిగా వదలడం ఒక్కటే సాధన చేయాలి. ఇంజను ఊరికే తిరిగే వేగంలోనే ఎమ్ఎక్స్-5 మొదటి గేరులో గంటకు సుమారు ఆరు కిలోమీటర్లు, అంటే మనిషి నడక వేగంతో, తనంతట తానే కదులుతుంది. అది పాదానికి తెలిశాకే ఎక్సలరేటర్, దాని తరవాత హ్యాండ్ బ్రేకుతో ఎత్తు ఎక్కించడం. గేరు దించడం చివరి పాఠం. అరవై వేగంలో మూడు నుంచి రెండుకి దిగితే ఇంజను నిమిషానికి 3,000 చుట్ల నుంచి సుమారు 4,400కి ఎగబాకాలి. క్లచ్ వదిలే ముందే ఆ తేడాను కుడికాలితో చిన్న తాకు ఇచ్చి పూడ్చకపోతే బండి ముందుకు తూలుతుంది. నిస్సాన్ 370జెడ్ 2009 మోడల్ నుంచి ఈ పనిని కంప్యూటర్‌కు అప్పగించింది. ఎమ్ఎక్స్-5లో అది లేదు, లేకపోవడం శిష్యుడికి మేలు. బలం తక్కువ కాబట్టి తప్పు చేసినా బండి కసిరి ఊరుకుంటుంది, చెట్టుకు గుద్దదు. నేర్చుకోవడానికి వేరే డొక్కు బండి ఎందుకు కావాలో ఆక్షేపించేవారే చెప్పాలి.

ట్రాఫిక్ మాటేమిటన్నది ఆఖరి ఆక్షేపం, అన్నిటికంటే న్యాయమైనది. రోజూ హైదరాబాద్ హైటెక్ సిటీ రోడ్ల మీదో లాస్ ఏంజలెస్ ఫ్రీవే మీదో గంటసేపు పాకేవాడికి మూడో పెడల్ మోకాలి నొప్పి తప్ప మరేమీ ఇవ్వదు. కవి దీన్ని ఎరుగును. విద్య ‘యెఱుఁగవలయు’ అన్నాడు, అది విధి. బండి మాత్రం ‘గొనఁదగు’ అన్నాడు, అది అనుమతి మాత్రమే. కాబట్టి ఆ పాకేవాడు ఆటోమేటిక్ కొనుక్కోవచ్చుననే ఈ టీకాకారుడి తీర్పు, విద్య నేర్వకుండా ఉండటానికి మాత్రం మినహాయింపు లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగి ఇలాంటి కారు మీద మనసుపడిన తెలుగు పిల్లలు గురువు కోసం ఊరంతా వెతకనక్కరలేదు. నాలుగు గేర్ల మారుతి 800 మీద లైసెన్సు తెచ్చుకుని, పాతికేళ్లుగా కామ్రీలో ఎడమకాలు ముడుచుకుని కూర్చున్న తండ్రో తల్లో ఇంట్లోనే ఉంటారు. ఆదివారం పొద్దున్నే వాళ్లని ఏదైనా ఖాళీ పార్కింగ్ లాట్‌కు తీసుకెళ్లండి. ఎమ్ఎక్స్-5కి ఉన్నవి రెండే సీట్లు, వెనక కూర్చుని సలహాలిచ్చే మూడో మనిషికి చోటు లేదు.