మూడు తీగల బాబాయి

మా దెందులూరులో బాబాయి చెయ్యి పడని వైరంటూ ఉంటే అది రైలుపట్టాల మీది కరెంటు తీగ ఒక్కటే. కేబుల్ కొనడమంటే ఆయన దృష్టిలో బజారు ఆవకాయ కొనడమే.

“అరగంటలో ఏలూరెళ్లి కొనుక్కొచ్చేద్దాం కదా బాబాయ్?” అన్నాను ఓసారి.

“కొనొచ్చు. లోపల ఏం కలిపాడో తెలుస్తుందా? తెలీదు.”

ప్రశ్నా ఆయనదే, జవాబూ ఆయనదే. ఈ అలవాటు గుర్తుంచుకోండి.

అప్పట్లో రైస్ మిల్లుకి కొత్త కంప్యూటరు దిగింది. పాతదాంట్లోని ధాన్యం లెక్కలు, 40 మెగాబైట్లు, కొత్తదాంట్లోకి ఎక్కించాలి. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలైతే 28 కావాలి. “ఫ్లాపీలెందుకండీ, రెంటికీ వియ్యం కలిపేస్తాగా!” అని షావుకారుకి మాటిచ్చేశాడు బాబాయి. 1993లో వచ్చిన డాస్ 6లో ఇంటర్‌లింక్ అనే ప్రోగ్రాం ఉంది. రెండు కంప్యూటర్లని కలపడానికి దానికి మూడు తీగలు చాలు.

ఖాళీ అమృతాంజనం సీసాలో సోల్డరింగ్ పేస్టు. వైరు తొక్క పళ్లతోనే ఒలవాలి. తొమ్మిది పిన్నుల కనెక్టరు మీద అంకెలు చీమ కాళ్లంత. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, భూతద్దం పెట్టి చదివాడు. ముందునుంచి చదివి వెనకనుంచి అతికించాడు. వెనకనుంచి చూస్తే వరస తిరగబడుతుందిగా! ఒక రోజు దానికి పోయింది. నింద కరెంటోళ్ల మీదికి పోయింది.

“మూడో పిన్ను నోరురా, రెండోది చెవి. దీని నోరు దాని చెవికి, దాని నోరు దీని చెవికి. ఐదోది ఎర్తు, ఐదుకే.”

“నోటికి నోరు కలిపితే?”

“మీ పిన్నీ నేనూ!”

అసలు కిటుకు మిగతా పిన్నుల్లో ఉంది. ఏడోది ‘పంపనా?’ అని అడుగుతుంది, ఎనిమిదోది అవతలివాళ్ల ‘ఊఁ’ కోసం కాచుకుంటుంది. బాబాయి ఆ రెంటినీ అక్కడికక్కడే చిన్న తీగతో కలిపేశాడు. ఒకటి, నాలుగు, ఆరుకీ అదే వైద్యం. ఇక అడిగేదీ అదే, ఊఁ కొట్టేదీ అదే. అవతల మనిషున్నాడో లేడో దానికి అనవసరం.

సెకనుకి 1,15,200 బిట్లు. అక్షరానికి ముందూ వెనకా కాపలా బిట్లతో కలిపి పదేసి చొప్పున, గంటలో సరుకంతా దిగిపోయింది. కేబుల్‌కి మాత్రం మూడు రోజులు పట్టింది. మిల్లు గుమాస్తా మొదటిరోజే ఫ్లాపీలతో పని కానిచ్చేశాడని ఆ తర్వాతే తెలిసింది. బాబాయి తొణకలేదు. “కేబుల్ పనిచేసిందా? చేసింది.”

ఇప్పుడు ఆ తొమ్మిది పిన్నుల కనెక్టరు పట్టే కంప్యూటరు కావాలంటే ఏ లారీ కాటా దగ్గరో వెతుక్కోవాలి. అయినా మొన్న సంక్రాంతికి వెళ్తే అరుగు మీద సోల్డరింగ్ పొగ. పిన్ని గుమ్మంలోకొచ్చి, “ఇంకా ఎవరికండీ ఇవి?” అంది.

బాబాయి తలెత్తలేదు. “ఎవరో ఒకరు అడగరా? అడుగుతారు. కాఫీ ఇస్తావా? ఇస్తావులే.”

పిన్ని ఎప్పుడో లోపలికెళ్లిపోయింది.