అవతలి ఒడ్డు

కోనసీమలో, పి.గన్నవరం దిగువన ఒక లంక. ఊరికి వంతెన లేదు. వేసవిలో గోదావరి పాయకు అడ్డంగా మట్టి గట్టు వేసుకుని దాని మీదుగా రాకపోకలు సాగిస్తారు. జూలైలో వరద రాగానే గట్టు కొట్టుకుపోతుంది. ఏటా ఇంతే. నెలలు నిండిన ఆడవాళ్లను ముందే ఇవతలి ఆస్పత్రులకు తరలిస్తారు. మిగిలిన వాళ్లకి పడవే దారి.

ఆ ఏడూ గట్టు పోయింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకు చేరడంతో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. 13 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు కిందికి వస్తున్నాయి.

లంకలో ముసలాయన మంచం పట్టి వారమైంది. కొడుకు కువైట్‌లో డ్రైవరు. కఫీల్‌ను, అంటే అక్కడి యజమానిని, బతిమాలి, పాస్‌పోర్టు చేతిలో పడగానే బయల్దేరాడు.

మనవడు ఫోనులో విమానం జాడ తీసి తాత కళ్లెదుట పెట్టాడు. నీలం రంగు మీద పచ్చటి విమానం బొమ్మ. చూస్తూ ఉంటే కదలదు. కళ్లు మూసి తెరిస్తే జరిగి ఉంటుంది.

"ఎంత దూరంరా?"

"హైదరాబాదుకి మూడు వేల మూడొందల కిలోమీటర్ల పైనే తాతా. ఐదు గంటల్లో వచ్చేస్తాడు."

ముసలాయన రాత్రంతా ఆ బొమ్మను వదల్లేదు. అది గల్ఫ్ దాటడం, అరేబియా సముద్రం మీదికి రావడం, బొంబాయి దగ్గర ఒడ్డెక్కడం చూశాడు. మధ్యాహ్నం ఇంకో బొమ్మ. హైదరాబాదు నుంచి రాజమండ్రి దగ్గరి మధురపూడికి. గంట ప్రయాణం.

"ఇంక వచ్చేసినట్టే," అన్నాడు. ఆ పూట గ్లాసుడు గంజి తాగాడు.

కారు రాజమండ్రి, రావులపాలెం మీదుగా వచ్చింది. కొడుకు రేవుకు చేరేసరికి పొద్దుగూకింది. అవతల ఇళ్లల్లో దీపాలు కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు పడవ ఇప్పకూడదండి," అన్నాడు పడవతను. "కచ్చులూరు సంగతి మీకు తెల్దాండి?"

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం పైన కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో బోటు మునిగి పదుల మంది పోయారు. పడవతను చెప్పింది న్యాయమే.

"మా నాన్నకి బాగోలేదు."

"ఎరుగుదునండి. తెల్లారగానే మొదటి పడవ మీదేనండి."

కొడుకు ఫోను చేశాడు. "రేవులో ఉన్నాను నాన్నా."

"ఒరేయ్ అబ్బాయ్, ఇందులో నీ బొమ్మ కనిపించట్లేదురా."

"ఇంక విమానం లేదు నాన్నా. పడవే."

"అలాగా," అన్నాడు ముసలాయన. మనవడు మాత్రం ఫోను తీసేయలేదు. తాత తీయనివ్వలేదు.

తెల్లారింది. పడవతను మాట తప్పలేదు. మొదటి పడవ వాళ్లదే. కానీ కొడుకు అది ఎక్కలేదు. అక్కడే ఉండమని అవతలి నుంచి కబురొచ్చింది. తండ్రినే ఇవతలికి తెచ్చారు.

లంకలో శ్మశానం మునిగిపోయి ఉంది.