ఆకుకి కూడా అపాయింట్‌మెంటేనా!

సెప్టెంబరు సగం దాటితే చాలు, బోస్టన్ చుట్టుపక్కలున్న మన కుర్రాళ్ళ దగ్గర్నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అంకుల్, ఈ ఏడు పీక్ ఎప్పుడు?" ఎనభైల్లో ఈ దేశం వచ్చినవాణ్ణి కాబట్టి ఆకులు రంగు మారే రోజు నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. రోజు చెబితే సరిపోదు, పొద్దున్నో సాయంత్రమో కూడా చెప్పాలి. న్యూ హాంప్‌షైర్‌లో లింకన్ వెళ్ళాలా, వెర్మాంట్‌లో స్టోవ్ వెళ్ళాలా, కిల్లింగ్టన్ అయితే రెండు రాత్రులుండాలా? చేతిలో రంగురంగుల మ్యాపులున్న యాప్ పెట్టుకుని కూడా నన్నే అడుగుతారు. యాప్ తప్పు చెబితే తిట్టడానికి మనిషి దొరకడు కదా!

మా రోజుల్లో ఈ పీక్ గొడవ లేదు. రాత్రే మా ఆవిడ పులిహోర కలిపి పెడితే, శనివారం తెల్లారకముందే బయల్దేరేవాళ్ళం. ఐ-93 ఎక్కితే రెండు, రెండున్నర గంటల్లో వైట్ మౌంటెన్స్. కాగితం మ్యాపు ఒకటి, 36 ఫొటోల ఫిల్ము ఒకటి, అంతే సరంజామా. ఫిల్ము ఖరీదు, కడిగించడం ఇంకా ఖరీదు. అందుకని ముందు కళ్ళారా చూసి, ఆ తర్వాతే కెమెరా బయటికి తీసేవాళ్ళం. ఎవరైనా అడ్డంగా నిలబడితే "తప్పుకోవోయ్, చెట్టు కనబడట్లేదు" అని కేకేసేవాళ్ళం. ఇప్పుడు మనిషి కనబడితే చాలు, వెనకాల చెట్టు ఏమైపోయినా ఫరవాలేదు.

అసలు పీక్ అంటే ఒక రోజు కాదయ్యా. రంగు ఉత్తరాన ముందొస్తుంది, ఎత్తున ముందొస్తుంది. అక్కణ్ణుంచి లోయల్లోకీ, దక్షిణానికీ దిగుతుంది. సెప్టెంబరు చివర్లో కొండల మీద మొదలైంది అక్టోబరు మధ్యకల్లా కింద ఊళ్ళలోకి వస్తుంది, ఆ నెలాఖరుకి బోస్టన్‌లో మా వాకిట్లోకే వచ్చేస్తుంది. పైన రాలిపోయిందా, కిందికి రండి. కింద ఇంకా పచ్చగా ఉందా, కాస్త పైకెళ్ళండి. మరీ పైన మాత్రం స్ప్రూస్, ఫర్ చెట్లుంటాయి, అవి రంగు మార్చవు. కింద మేపుల్, బర్చ్, బీచ్. పైన నల్లటి పచ్చ. మధ్యలో స్కీయింగ్ కోసం చెట్లు కొట్టేసిన దారులు. లింకన్, స్టోవ్, కిల్లింగ్టన్ లాంటి మంచు ఊళ్ళకి ఆకుల కాలంలో అందం వచ్చేది ఇందుకే. అంత కొండ కళ్ళెదురుగా ఉంటే వీళ్ళు ఫోనులో మ్యాపు ఎరుపెక్కిందా లేదా అని చూస్తుంటారు.

ఆ రంగు ఎలా వస్తుందో చెబుదామన్నా వినే ఓపిక ఎవరికీ లేదు. పగలు తగ్గేకొద్దీ ఆకు పత్రహరితం చేసుకోవడం మానేస్తుంది. ఉన్న పచ్చదనం విరిగిపోయాక, అడుగున ముందునుంచీ దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. బర్చ్ చెట్ల బంగారం అదే. మేపుల్ ఎరుపు దాగి ఉన్నది కాదు, అప్పటికప్పుడు పుట్టేది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఆకులో చిక్కుబడ్డ చక్కెరతో ఆంథోసయనిన్ అనే రంగు తయారవుతుంది. మన మామిడి చిగురు రాగి రంగులో మెరుస్తుంది చూశారూ, అదీ ఆంథోసయనిన్ పుణ్యమే. మన దగ్గర ఆకు పుట్టినప్పుడు ఎర్రబడుతుంది, ఇక్కడ పోయే ముందు ఎర్రబడుతుంది. నేనీ మాట సగం చెప్పేసరికి ఒక కుర్రాడు నా చేతిలో ఫోను పెట్టి, "అంకుల్, లైట్ పోతోంది, ఒక్క ఫొటో తీసిపెట్టండి" అన్నాడు.

కంకమేగస్ హైవే సంగతే తీసుకోండి. లింకన్ నుంచి కాన్వే దాకా 34 మైళ్ళ పైచిలుకు కొండదారి. దారిలో పెట్రోలు బంకు ఒక్కటి లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మేము లింకన్‌లో ట్యాంకు నింపుకుని, వాగు కనిపించిన చోటల్లా ఆగి, రాళ్ళ మీద కూర్చుని పులిహోర తిని, సాయంత్రానికి కాన్వే చేరేవాళ్ళం. రద్దీ అప్పుడు లేదనను. అక్టోబరు రెండో సోమవారం కొలంబస్ డే సెలవుకి అప్పుడూ తిరునాళ్ళే. కానీ మంగళవారానికి ఊరు ఖాళీ. మోటెల్ ముందు 'వేకెన్సీ' అని ఎర్ర దీపం వెలుగుతుంటే చూసుకుని, తలుపు తట్టి గది తీసుకునేవాళ్ళం. ఇప్పుడా గది కోసం ఎండాకాలంలోనే డబ్బు కట్టాలి, పైగా రెండు రాత్రులకి తక్కువైతే ఇవ్వరు. ఒక్క పూట ఆకులు చూడ్డానికి రెండు రాత్రులెందుకని అడిగితే, "పాలసీ సార్" అంటారు.

ఫ్రాంకోనియా కనుమ దగ్గరికొచ్చేసరికి ఐ-93 ఒక్కో వైపుకి ఒక్క లేనుకి కుంచించుకుపోతుంది. కొండ అంచున మనిషి ముఖంలా కనిపించే 'ఓల్డ్ మ్యాన్ ఆఫ్ ది మౌంటెన్' రాళ్ళు రోడ్డు పనుల బాంబులకి ఎక్కడ కదిలిపోతాయోనన్న భయం కూడా ఆ ఇరుకు దారికి ఒక కారణం. అంతా చేస్తే 2003 మే 3న ఆ ముసలాయన తనంతట తానే కూలిపోయాడు. మేము చూశాం ఆయన్ని. ఇప్పటి పిల్లలకి న్యూ హాంప్‌షైర్ రోడ్ల బోర్డుల మీద బొమ్మే మిగిలింది. ఆ ముసలాయన ఉన్న కొండ పేరు కేనన్. ఉత్తర అమెరికాలో మనుషుల్ని కొండెక్కించిన మొదటి ఏరియల్ ట్రామ్ 1938లో వేసింది అక్కడే. 1980లో దాని స్థానంలో వచ్చిన కొత్త పెట్టెలు ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. వాటికి కెచప్, మస్టర్డ్ అని ముద్దుపేర్లు. అక్టోబరులో అడవి రంగూ, పెట్టెల రంగూ ఒకటే. 2025 అక్టోబరులో వాటినీ ఆపేశారు, పాతబడ్డాయని. ముసలాయనా పోయాడు, కెచప్పూ పోయింది.

ఇంకో మంచు ఊళ్ళో, పేరెందుకులెండి, చెయిర్‌లిఫ్ట్ ఎక్కుదామని వెళితే కౌంటర్లో అమ్మాయి "మీ టైమ్ స్లాట్?" అంది. ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలట, శనివారానికి ఒక రేటు, బుధవారానికి ఒక రేటట. శ్రీవారి దర్శనానికి మూడొందల టికెట్టు, దానికో టైము అంటే అర్థం చేసుకున్నాం, అక్కడ దేవుడున్నాడు. చెట్టుకి స్లాటేమిటి? మేఘం కమ్మితే స్లాటు మారుస్తారా అంటే దానికీ "పాలసీ సార్" అనే జవాబు.

ఎందుకిలా అయిందంటే, కొండలకి కూడా హెడ్డాఫీసులొచ్చాయి మరి. స్టోవ్ కొండని 2017లో కొలరాడో కంపెనీ వెయిల్ రిసార్ట్స్ కొనేసింది. మరుసటేడు లడ్‌లో ఊరి ఒకిమో కూడా వాళ్ళ చేతిలోకే పోయింది. కిల్లింగ్టన్‌ని మాత్రం 2024లో స్థానిక మదుపుదార్లే కలిసి కొనుక్కున్నారు, సంతోషం. శీతాకాలానికని కట్టిన గదులూ లిఫ్టులూ అక్టోబరులో ఖాళీగా ఎందుకుండాలని ఈ కంపెనీలు లెక్క వేశాయి. వ్యాపారంగా అది తప్పనలేను. రాలిపోయే ఆకులోంచి కూడా గంటల లెక్కన డబ్బు రాబట్టడమే నాకు మింగుడు పడనిది.

పోనీ తప్పంతా కంపెనీలదేనా? మనమేం తక్కువ తిన్నాం! వెర్మాంట్‌లో పామ్‌ఫ్రెట్ అని వెయ్యి మంది కూడా లేని పల్లె ఉంది. పామ్‌ఫ్రెట్‌లో మట్టిరోడ్డు మీద స్లీపీ హాలో ఫార్మ్ అనే ఇల్లు ఉంది. ఎవరిదో సొంత ఇల్లు, సొంత పొలం. అది ఇన్‌స్టాగ్రామ్‌లో పడ్డాక జనం గేట్లు దాటి లోపలికి పోవడం, రోడ్డు మధ్యలో కార్లు ఆపడం, అక్కడే బట్టలు మార్చుకోవడం! ఊరివాళ్ళు భరించలేక 2023లో సెప్టెంబరు 23 నుంచి అక్టోబరు 15 దాకా ఆ రోడ్డు బయటివాళ్ళకి మూసేశారు. 1968లోనే ప్రకటన బోర్డులన్నీ నిషేధించి దారులు శుభ్రంగా ఉంచుకున్న రాష్ట్రమది. అలాంటివాళ్ళు రోడ్డుకి అడ్డం పెట్టారంటే ఎంత విసిగి ఉంటారో ఆలోచించండి. మన పిల్లలూ తక్కువేం కాదు. దసరా ఈ రోజుల్లోనే వస్తుంది కదా, ఎముకలు కొరికే చలిలో పట్టు లంగాలు, నెత్తిన డ్రోను, వెనకాల అమ్మ పట్టుకున్న కోటు. పిల్ల పళ్ళు టకటకమంటుంటే "స్మైల్, స్మైల్" అని అరుపులు.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటివాళ్ళకి మార్కులు వేస్తాను. మా కాలంలో ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే చీరకట్టుతో చెయిర్‌లిఫ్ట్ ఎక్కించే ధైర్యం ఎవరికుంది? కిందే కూర్చోబెట్టి మేము పైకి పోయేవాళ్ళం. ఇప్పుడు మోకాళ్ళ నొప్పుల అత్తగారిని సైతం మూసి ఉండే గొండోలాలో జాగ్రత్తగా కూర్చోబెట్టి శిఖరం దాకా తీసుకెళుతున్నారు. ఆవిడ పైనుంచి లోయంతా చూసి "అబ్బ" అంటుంది. ఆ ఒక్క "అబ్బ" కోసం టికెట్టు ఎంతైనా పెట్టొచ్చు.

అలాగని వెళ్ళొద్దని నేనన్లేదు. వచ్చేవాళ్ళ మీదే ఈ ఊళ్ళు బతకాలి. 2011లో ఐరీన్ తుపానుకి కిల్లింగ్టన్ దగ్గర రూట్ 4 కొట్టుకుపోయి ఊరికి దారులే లేకుండా పోయాయి. ఆకుల సీజన్ ముంచుకొస్తోందని కొన్ని వారాల్లోనే రోడ్డు తిరిగి వేశారు. 2023 జులై వరదలకి లడ్‌లో ఊరు మునిగింది. ఆకులన్నీ రాలి, మంచు ఇంకా పడని రోజుల్ని ఇక్కడివాళ్ళు స్టిక్ సీజన్ అంటారు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళ దుకాణాలకి బేరాలుండవు. అక్టోబరు సంపాదనతోనే వాళ్ళు నవంబరు దాటాలి.

కాబట్టి వెళ్ళండి, కానీ పద్ధతిగా వెళ్ళండి. వీలైతే సెలవు పెట్టి మామూలు రోజున వెళ్ళండి. కంకమేగస్ ఎక్కే ముందు పెట్రోలు నింపుకోండి. రోడ్డు మధ్యలో కారు ఆపకండి. చైన్ హోటల్ కాఫీ బదులు ఊరి కొట్లో ఆపిల్ సైడర్ డోనట్లు, రైతు దగ్గర మేపుల్ సిరప్ కొనండి. ఫోను ఒక్క గంట జేబులో ఉంచుకుని చెట్టుకేసి చూడండి. ఇంకొకరి దొడ్లోకి మాత్రం అడక్కుండా అడుగు పెట్టకండి.