బావగారి మెసేజికి టీకా తాత్పర్యము

మూలము:
"పువ్వు భలే ఉంది. కోయకూడదంట. నీళ్లయిపోయాయి."
(2016 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నుండి బావగారు కుటుంబ వాట్సాప్ గ్రూపునకు పంపినది.)

ప్రతిపదార్థము:

పువ్వు = డెజర్ట్ గోల్డ్ అనెడి పొద్దుతిరుగుడు కులపు పువ్వు. ఫొటోలో కొండ దాకా పసుపే పరచుకొని ఉండగా ఏకవచనమేల యని ఆక్షేపము. జాత్యేకవచనమని సమాధానము. "ఆయనకు వ్యాకరణం రాదు" అని అక్కయ్య వ్యాఖ్య. అది గ్రాహ్యము కాదు. నిజమునకు ఒక్క పువ్వన్నను బహువచనమే. చుట్టూ రేకులుగా కనబడునవి ఒక్కొక్కటి ఒక్కొక్క పువ్వు, అన్నియు గొడ్డువే. తేనెటీగలను పిలుచుట వఱకే వాని పని. గింజ కట్టునవి నడిమి బొడిపెలోని చిట్టి పువ్వులు. పెళ్లిలో పన్నీరు చల్లువారు వేఱు, వంటశాలలో చెమటోడ్చువారు వేఱు కదా.

దీని శాస్త్రనామము గెరేయా కానెసెన్స్. మొదటి మాట గ్రీకులో ముసలితనమును చెప్పును, రెండవది లాటిన్‌లో నెరయుటను. గింజల మీది తెల్లని నూగును చూచి పెట్టిన పేరట. కొన్ని నెలలు మాత్రమే బ్రదుకు మొక్కకు ముసలి పేరా యనరాదు. మన యిండ్లలో ఉయ్యాలలోని పిల్లవానిని "తాతా" యని పిలుచుట లేదా?

భలే = ఆశ్చర్యార్థకము. సముద్రమట్టమునకు 86 మీటర్లు దిగువకు జాఱిన లోయ. ఏటి వాన సుమారు రెండంగుళాలు. ఎడారి గింజలలో పెక్కు పైపై జల్లులకు మోసపోవు. మొలకను ఆపు పదార్థము కడుక్కొనిపోవునంత తడి తగిలిననే కదలును. 2015 అక్టోబరులో వఱదలు ముంచెత్తినవి. ఫిబ్రవరికి ఈ పసుపు.

ఉంది = వర్తమానము. ఎండలు ముదిరినచో "ఉండేది" అని చదువుకొనునది.

కోయకూడదంట = జాతీయ పార్కు నిబంధన. "అంట" యనుటచే బోర్డు తాను చదువలేదని ధ్వని. "కూడదట" యని బెజవాడ పిన్నిగారి ఫార్వర్డు పాఠము.

నీళ్లయిపోయాయి = ఎవరి నీళ్లని ఆకాంక్ష. నేలలోవని కొందఱు. సీసాలోవని మా మతము. పువ్వుకు తన తడి లెక్క తెలియును, బావగారికి తెలియదు. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైన లోయకు ఆయన వెళ్లినది అరలీటరు సీసాతో.

తాత్పర్యము: అక్కయ్య బయలుదేఱునపుడే రెండు సీసాలు పెట్టుకోమన్నది.