ఎటకారం ఎరగని గొంతు

పరువుగల సంసారికి మధ్యాహ్నం భోజనమయ్యాక ఓ కునుకు అవసరమన్న సంగతి రాజ్యాంగ నిర్మాతలు ప్రాథమిక హక్కుల్లో చేర్చలేదు. తక్కినవన్నీ చేర్చారు. ఆ ఒక్క లోపం వల్ల జాతి ఎంత క్షోభ అనుభవిస్తోందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీకూ ఫోనుంది కదా.

రాజమండ్రిలో మే నెల ఎండ సంగతి తెలిసిందే. మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, గడ్డపెరుగు ముగించి, తలుపులేసుకుని, ఫ్యాను కింద చాప పరిచి, కరెంటు పోకూడదని మార్కండేయస్వామికి మొక్కుకుని, రెప్ప అలా వాలిందో లేదో, ఫోను మోగుతుంది. "నమస్కారం! మీకు అయిదు లక్షల వ్యక్తిగత రుణం మంజూరైంది!" ఇల్లు కట్టుకునే రోజుల్లో గుమ్మం అరిగేలా తిరిగినా దొరకని మంజూరు, ఇప్పుడు నిద్రపోతుంటే లేపి మరీ ఇస్తున్నారు. వద్దన్నా వినరు.

అప్పు అయ్యాక ప్లాటు. ప్లాటు అయ్యాక ఆరోగ్య బీమా. బీమా అయ్యాక మా అబ్బాయికి ఐఐటీ కోచింగు, వాడికి బట్టతలొచ్చినా సరే. ఆ పైన "సార్, మీ కారు అమ్ముతారా?" అని ఓ కుర్రాడు. నాకున్నది స్కూటరు. అదీ మా బావమరిది దగ్గరుంది.

"తెలియని నంబరైతే ఎత్తకండి" అని సలహా ఇచ్చే మహానుభావులు ఈమధ్య పెరిగారు. వాళ్ళకి కొబ్బరి తోట లేదని తెలిసిపోతూనే ఉంది. కోనసీమలో నాలుగు చెట్లున్నవాడికి దింపు తీసే మనిషి ఎప్పుడు ఏ నంబరు నుంచి చేస్తాడో దైవజ్ఞులు కూడా చెప్పలేరు. గ్యాసు బండ తెచ్చే కుర్రాడిది తెలియని నంబరే. కొరియరు అతనిదీ అంతే. అమెరికా నుంచి మనవడు చేసినా ఒక్కోసారి ఏవో వింత అంకెలు పడతాయి. మొన్న ఆవకాయ కలుపుతూ, ముంజేతుల దాకా కారం, నూనె, ఆవపిండి పట్టించుకుని ఉన్నవాణ్ణి, "ఎత్తండి, దింపు అతనేమో" అని మా ఆవిడ హెచ్చరిస్తే మోచేత్తో ఫోను నొక్కాను. గోవాలో మూడు రాత్రుల విడిది ఉచితమట. ఫోనుకి ఇప్పటికీ ఆవఘాటు.

ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చుందని నేననను. అబద్ధమాడితే కళ్ళు పోతాయి. ఫోన్లు వద్దనుకునేవాళ్ళ కోసం 2007లోనే ఓ జాతీయ పట్టిక తెరిచారు. 2011లో దాన్ని బాగుచేసి, 1909కి మెసేజి పెడితే ఏ రకం గోల వద్దో ఎంచుకోవచ్చన్నారు. బ్యాంకులు, స్థిరాస్తి, చదువులు, ఆరోగ్యం, పర్యాటకం, హోటల్లో టిఫిన్ల పట్టీలా అన్నీ వరసగా ఉంటాయి. అమ్మకాల వాళ్ళు 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చెయ్యాలన్నారు. 2018లో బ్లాక్‌చెయిన్ కూడా అన్నారు. ఫలితమేమిటంటే, చట్టాన్ని గౌరవించేవాడు 140 నుంచి చేస్తాడు, చూడగానే మనం కోసేస్తాం. గౌరవించనివాడు మామూలు పది అంకెల నంబరు నుంచి చేస్తాడు, వాడితోనే మన కాపురం. అలాంటివాళ్ళ లైన్లు పీకేసి రెండేళ్ళ దాకా నల్లజాబితాలో పెట్టమని 2024 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఫోను కంపెనీలను ఆదేశించింది. 2025 ఫిబ్రవరిలో ఫిర్యాదు గడువును మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెంచింది. ఆ ఏడు రోజుల్లో ఎవరెవరి మీద చెయ్యాలో లెక్క రాసుకోవడానికే ఓ గుమాస్తా కావాలి. జీతం ఎవరిస్తారు?

మనుషులు చేస్తే ఇదంతా సహించేవాణ్ణి. బాధల్లా ఆ రికార్డు గొంతులతోనే. మా గోదావరి జిల్లాల వాళ్ళకి దేవుడు కత్తులూ కటార్లూ ఇవ్వలేదు, ఎటకారం ఇచ్చాడు. తిట్టామో పొగిడామో ఎదుటివాడు ఇంటికెళ్ళి పడుకునేదాకా తెలియకుండా, 'అండీ' చేర్చి, 'ఆయ్' తగిలించి, మర్యాదగా తోలు ఒలుస్తాం. ఆ దివ్యాస్త్రం ముందు గుమాస్తాలూ, కాంట్రాక్టర్లూ, మా పెద్దల్లుడి బాబాయిగారూ తలలు వంచినవాళ్ళే. రికార్డు గొంతు మాత్రం వంచదు. "ఆయ్, తమరే ఇస్తున్నారా అండీ అయిదు లక్షలూ? పాపం, మీ ఇంట్లో ఎవరూ పుచ్చుకోనన్నారా అండీ?" అంటాను. "వివరాలకు ఒకటి నొక్కండి" అంటుంది. "అంత శ్రమ ఎందుకండీ, ఓ కాఫీ తాగి వెళ్ళండి" అంటాను. "మళ్ళీ వినాలంటే స్టార్ నొక్కండి." తరతరాల సంస్కారం అలా సున్నా పక్క గడిలో అణగారిపోయింది.

2025 ఫిబ్రవరి 27న ఉభయ గోదావరి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగింది. నేనూ పట్టభద్రుణ్ణే. డిగ్రీ పుచ్చుకున్నాక నన్నెవరూ ఆ మాటతో పిలిచిన పాపాన పోలేదు. ఆ నెలలో మాత్రం తెల్లారకుండానే ఓ గొంతు "గౌరవనీయ పట్టభద్రులకు వందనం" అనేది. ఒళ్ళు పులకరించి ప్రతివందనం చెప్పబోయేలోగా పెట్టేసేది. 1909 పట్టికలో ఓట్లకి గడి లేదు. ఇవి కాక అభిప్రాయ సేకరణలు. పథకం అందిందా, అధికారులు మర్యాదగా ఉన్నారా, తృప్తి అయితే ఒకటి, అసంతృప్తి అయితే రెండు. పెళ్ళయిన నాటి నుంచీ కూర విషయంలో కూడా నా అభిప్రాయం అడిగినవాళ్ళు లేరు కనుక, గొంతు సవరించుకుని విపులంగా మొదలుపెట్టాను. స్పందన నమోదు కాలేదట.

పోనీ మనమే చేద్దామా? 2020లో ఏ నంబరు నొక్కినా ముందు ఎవరో దగ్గేవారు. 2025లో సైబర్ మోసాల హెచ్చరిక. హెచ్చరిక మంచిదే, కాదనను. డిజిటల్ అరెస్టని బెదిరించి పెద్దవాళ్ళ డిపాజిట్లు ఊడ్చుకుపోయే దుర్మార్గులున్నారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు, డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. ఇది మాత్రం ఎటకారం కాదు. కానీ మా అక్కయ్యకి జ్వరమని ఫోను చేసి, ఆ ఉపన్యాసం పూర్తిగా విని, లైను కలిసేసరికి ఆవిడకి తగ్గిపోయింది.

ఇన్నిటి మధ్యా ఓ రోజు సాక్షాత్తూ మనిషి పలికింది. ఆడపిల్ల. క్రెడిట్ కార్డు సంగతి గడగడా అప్పజెబుతూ మధ్యలో ఎక్కడో ఓ 'ఆయ్' జారవిడిచింది. లేచి కూర్చున్నాను.

"ఏ ఊరమ్మా మీది?"

"అంబాజీపేటండి."

అంబాజీపేటలో ఎవరి తాలూకో అడిగాను. కొబ్బరి మార్కెట్టు నుంచి బయల్దేరి, రెండు వీధులు దాటి, మా మేనత్త తోటికోడలి పుట్టింటి దగ్గర చుట్టరికం కలిసింది. హైదరాబాదులో ఉద్యోగమట. భోంచేశావా అంటే ఇంకా లేదంది. తర్వాత గొంతు బాగా తగ్గించింది.

"బాబాయిగారూ, ఆ కార్డు మీరు తీసుకోకండి. చార్జీలు ఎక్కువండి."

"మరి నీ టార్గెట్టో?"

"పర్లేదండి. భీమవరం నంబర్లు బోలెడున్నాయండి."

మా వియ్యంకుడుగారిది భీమవరమే. ఆ సంగతి నేనెత్తలేదు.